చెవిలో మోతతో భీమిలి దాకా

భీమిలి వెళ్ళి ఏం తెచ్చావని తెనాలిలో కనబడ్డవాళ్ళంతా అడుగుతున్నారు. మాడుగుల హల్వా తెచ్చాను, అది వచ్చిన రోజే సగం అయిపోయింది. ఇంకొకటి కూడా తెచ్చాను గానీ దాన్ని పళ్ళెంలో పెట్టి అందించడం కుదరదు. అందుకని రాస్తున్నాను.

ముందు నా అవస్థ చెప్పాలి. చాలా ఏళ్ళుగా మా ఇంటి ముందుగదిలో పిల్లలకు సంగీతం నేర్పుతున్నాను. నిరుడు విషజ్వరం వచ్చి తగ్గాక ఎడమ చెవిలో మోత మొదలైంది. కీచురాయి కూసినట్టు, తెరిపి లేకుండా. చెవి డాక్టర్లు చూసి, చెవికేం లేదు, అలవాటు చేసుకోండి అన్నారు. అత్తగారి సాధింపు అలవాటు చేసుకోమన్నా చేసుకుంటాం గానీ దీన్నెలా చేసుకోవడం? పైగా ఆ మోత నా శ్రుతిలో ఏ స్వరానికీ చెందకుండా రెంటికీ నడుమ వేలాడుతుంది. పిల్ల పాడుతుంటే సరిగ్గా పాడుతోందో, పక్కకు జారుతోందో నాకు తెలియకుండా పోయింది. తప్పు వినబడని దానికి పాఠం చెప్పే హక్కేముంది? క్లాసులు ఆపేశాను. దీపావళి వెళ్ళాక తెరుస్తానో, పూర్తిగా మూసేస్తానో చెబుతానని పిల్లల తల్లులకు మాటిచ్చాను.

మా ఆయన మూసేయమన్నారు. నా మీద జాలితోనే అన్నారు. కానీ పాట చెప్పకపోతే నేనెవరినో నాకు తెలియదు. ఆ భయంతోనే రైలెక్కాను.

భీమిలిలో అప్పలనరసమ్మగారనే ఒకావిడ ధ్యానం నేర్పుతారని, ఆవిడ దగ్గర మోతలూ దిగుళ్ళూ అన్నీ కుదురుతాయని మా చుట్టాలావిడ చెప్పింది. కుదరడం సంగతి దేవుడెరుగు, సముద్రపు గాలైనా తగులుతుంది కదా అనుకున్నాను.

బీచి రోడ్డు బస్సు

విశాఖ స్టేషన్ బయట ఆటో అతను భీమిలికి చెప్పిన ధర వింటే నా చెవి మోత ఒక్క క్షణం ఆగినట్టయింది. బేరమాడితే, అక్కడికెళ్ళి మళ్ళీ ఖాళీగా రావాలి కదమ్మా అన్నాడు. నిజమే గానీ ఆ ఖాళీ డబ్బులు నేనెందుకిస్తాను? బస్సెక్కాను. నలభై రూపాయల్లోపే సముద్రం పక్కన కూర్చోబెట్టి తీసుకెళ్ళింది.

పక్కన ఖాళీ చేపల తట్టతో ఒక పెద్దావిడ కూర్చుంది. చుట్ట వెలిగించిన వైపు నోట్లోకి పెట్టుకుని పీల్చడం ఈ ప్రాంతపు ఆడవాళ్ళ అలవాటు, అడ్డపొగ అంటారు. బస్సులో తాగనివ్వరు కాబట్టి ఆవిడ చుట్ట కొంగున ముడేసుకుని, దాని గురించి కబుర్లు చెప్పింది. ఇక్కడి మాట జోరుగా ఉంటుంది. మా వైపు మేం ఒక వాక్యం పూర్తిచేసేలోగా వీళ్ళు మూడు చెప్పి దిగిపోతారు. నేను మాటిమాటికీ "ఆ?" అంటుంటే, నాకు చెవుడనుకుని ఆవిడ కేకలేసి మాట్లాడింది. బస్సంతా విన్నది. నేను ఎందుకొచ్చానో, ఎంతమంది పిల్లలో, మా ఆయన ఏం చేస్తారో భీమిలి చేరేలోపు అందరికీ తెలిసిపోయింది.

భీమిలి: ఈ శరీరానికి ఇంకొంచెం పులుసు

నరసమ్మగారిది పెంకుటిల్లు. వెనక జీడిమామిడి చెట్లు, వాటి వెనక ఇసుక. ఆవిడ రైతుల ఇంటి మనిషి, ప్రాథమిక పాఠశాలలో పంతులమ్మగా చేసి రిటైరయ్యారు. బడిలో ఉన్నన్నాళ్ళూ పుస్తకం భాష మాట్లాడానని, ఇక అది చాలని, ఇప్పుడు ఇంటి భాషే మాట్లాడతారు. పొలం దున్నుకుంటూ, మగ్గం నేసుకుంటూ తత్త్వాలు పాడుకునే గురువులు ఈ వైపు పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్నారు. ఆవిడ అలాంటి ఒకాయన దగ్గర నేర్చుకున్నారు. చదువుకున్నవాళ్ళు అద్వైతం అనేదాన్ని వీళ్ళు ఎరుక, బయలు అని రెండు చిన్న మాటల్లో తేల్చేస్తారు. మనం తెలుసుకుంటూ ఉండటం ఎరుక. అవధి లేకుండా పరుచుకుని ఉన్నది బయలు.

మేం ముగ్గురమే సాధకులం. నాతోపాటు సత్యవతిగారు. గోదావరి జిల్లా నుంచి భర్త ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి గాజువాకలో స్థిరపడ్డారు. మూడో మనిషి నూకరాజు, మరబోటు నడుపుతాడు. తాగుడు మానేశాక, వేటకు వెళ్ళని రోజుల్లో బుర్రకు పని కావాలని ఇక్కడికి వస్తాడట.

సత్యవతిగారికి ఇది మూడో విడత. కాబట్టి ఆవిడకు 'నేను' లేదు. భోజనాల దగ్గర గిన్నె ముందుకు జరిపి, "ఈ శరీరానికి ఇంకొంచెం పులుసు" అన్నారు. మొదటిరోజు నాకు అర్థం కాక, ఎవరి శరీరానికండీ అని అడిగాను. ఆవిడ నన్ను జాలిగా చూశారు. పులుసు సంగతి కూడా చెప్పాలి. మా తెనాలి పులుసు నాలుక మీద పడితే చెమట పడుతుంది. ఇక్కడ గుమ్మడికాయ ముక్కల పులుసులో బెల్లం దండిగా వేసి ఆవ పెడతారు. రెండు రోజులు సణిగాను. మూడో రోజునుంచి ఈ శరీరం కూడా రెండోసారి అడిగింది.

నరసమ్మగారు ఇవన్నీ వింటారు, నవ్వరు. ఒకసారి మాత్రం, సత్యవతమ్మా, కాలికి ముల్లు గుచ్చుకుంటే అమ్మో అంటావు కదా, అప్పుడు అన్నదెవరో సూసుకో, పులుసప్పుడు దాన్ని దాచకు అన్నారు. సత్యవతిగారు ఆ పూట పులుసు అడగలేదు.

నేను ఇచ్చిన శ్రుతి

అక్కడి పద్ధతి ఇది. తెల్లవారకముందే అందరూ కూర్చుని ఒక తత్త్వం పాడాలి. తర్వాత ఎవరికి ఇచ్చిన ప్రశ్నతో వాళ్ళు కళ్ళు మూసుకుని కూర్చోవాలి. ఎండెక్కాక చింతపండు గింజలు తీయడమో, వాకిలి ఊడవడమో. సాయంత్రం ఆవిడ ఒక్కొక్కరినీ పిలిచి, "కనపడిందేటి?" అని అడుగుతారు. అంతే. ఉపన్యాసం లేదు, పుస్తకం లేదు.

పాట టీచరు వచ్చింది కదా అని మర్నాడు శ్రుతి నన్ను ఇమ్మన్నారు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. గొంతు సవరించుకుని అందుకున్నాను. రెండో చరణానికి నూకరాజు మెడనరాలు తాళ్ళలా తేలాయి. సత్యవతిగారి గొంతు గాలి అయిపోయింది. నరసమ్మగారు పాడటం ఆపేసి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను మాత్రం ఏడాది తర్వాత శ్రుతి ఇంత హాయిగా కుదిరిందని కళ్ళు మూసుకుని పాడుతూనే ఉన్నాను.

పాట అయ్యాక ఆవిడ అడిగారు.

"ఏ శ్రుతి ఇచ్చినారమ్మా?"

అప్పుడు తెలిసింది. చెవిలో మోత ఏ ఎత్తున ఉందో దానికే అందరి పాటనూ లాక్కెళ్ళి కట్టేశాను. నా ఒక్కదాని చెవిలో ఉన్న దానికి లోకమంతా గొంతు కలపాలని. సంగీతం తెలియనివాళ్ళకు ఈ తప్పు చేతకాదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. మంచి చెవి, చెడ్డ చెవి, రెండూ.

మోత గురించి ఆవిడకు అప్పుడే పూర్తిగా చెప్పాను. రోజంతా దాన్నే వింటుంటానని, ఎక్కువైందా తగ్గిందా అని చూసుకుంటుంటానని. ఆవిడ విని, జీడిపిక్కల బుట్ట పక్కన పెట్టారు.

"కాపలా కాస్తన్నారు మీరు. కుక్కని కాపలా పెడితే దొంగున్నా లేకపోయినా మొరుగుతాది తల్లీ. మోత ఉన్నాది, కాదనను. మోతకీ, మోతని వింటన్న మీకూ నడుమ గట్టు ఎక్కడున్నాదో సూసి రండి. పొలానికీ పొలానికీ నడుమ ఉంటాది కదా, అలాగ."

నా ప్రశ్న అది. వినేది ఇటు, వినబడేది అటు. మధ్య గట్టు.

నాకు ఓపిక తక్కువ. అయినా పరీక్షకు చదివినట్టు వెతికాను. మోత చెవిలో ఉందా? వేలు పెట్టి మూస్తే పెరుగుతోంది. తలలో ఉందా? తల ఎక్కడ మొదలవుతుందో కళ్ళు మూసుకుంటే తెలియడం లేదు. సరే, వినే నేను ఎక్కడున్నాను? కళ్ళ వెనకాల ఎక్కడో ఉన్నట్టుంటుంది. అక్కడికి వెళ్ళి చూస్తే, చూసేది మళ్ళీ ఇంకాస్త వెనక్కి జరిగి కూర్చుంటుంది. సాయంత్రం "కనపడిందేటి?" అంటే లేదంటాను. "మంచిది" అంటారు. కనబడలేదంటే మంచిదేమిటని నాకు ఒళ్ళు మండేది.

యారాడ: పోయిందని ఫోన్ చేశాను

నరసమ్మగారి దగ్గర ఇంకో పద్ధతి ఉంది. ఇంటికి వెళ్ళేముందు ప్రతివాళ్ళనూ తమకు తెలిసినంతలో ఎక్కువ గోలున్న చోటికి పంపి, అక్కడ కూర్చోమంటారు. నిశ్శబ్దంలో తప్ప నిలవనిది మనకెందుకు, సంతలో కూడా ఉండాల కదా అంటారు. నన్నూ సత్యవతిగారినీ నూకరాజుకు అప్పగించి, ఫిషింగ్ హార్బర్‌లో వేలం దగ్గర కూర్చోబెట్టమన్నారు. వేలం తెల్లవారకుండానే మొదలవుతుంది గనుక ముందురోజు యారాడలో నూకరాజు వాళ్ళక్క ఇంట్లో ఉండాలి.

కొండదారి ఎక్కి దిగితే యారాడ. ఇటు కొండ, అటు సముద్రం, మధ్యలో ఇసుక. దారిలో మూరీ మిక్చర్ కొనుక్కున్నాం. మరమరాల్లో పచ్చిమామిడి, ఉల్లి, వేయించిన వేరుశనగ వేసి కాగితప్పొట్లంలో ముప్పై రూపాయలకిచ్చాడు. మా ఊళ్ళో అదే సరుకు ఇరవైకి వస్తుంది గానీ ఈ గాలి రాదు.

ఆ సాయంత్రం అలల దగ్గరగా వెళ్ళి కూర్చున్నాను. గట్టు వెతకడం మొదలుపెట్టాను. కాసేపటికి మోత లేదు. ఎడమ చెవి అటు తిప్పాను, ఇటు తిప్పాను. లేదు. కళ్ళనీళ్ళతో మా ఆయనకు ఫోన్ చేసి, పోయిందండీ, పూర్తిగా పోయింది, దీపావళి తర్వాత క్లాసులు పెడుతున్నానని పిల్లలకు చెప్పేయండి అన్నాను. ఆయన కూడా ఏడ్చారనుకుంటాను.

చీకటి పడుతుండగా లేచి ఊళ్ళోకి నడిచాం. సముద్రం వెనకబడిన కొద్దీ చెవిలో ఏదో సన్నగా. నూకరాజు అక్కగారింట్లో తలుపు వేసేసరికి కీచురాయి తన చోట తానుంది. అలల హోరు దాన్ని కప్పింది, అంతే. నేను జ్ఞానమనుకున్నది సముద్రం చప్పుడు.

ఏడ్చాను. సత్యవతిగారు వీపు నిమురుతూ, ఈ చెవి మీది కాదండీ అని మొదలుపెట్టారు. మీదైతే తెలిసేదని కసిరాను. ఆవిడ చిన్నబుచ్చుకోలేదు. "నిజమేనండి, నాకు తెలీదు" అన్నారు. ఆవిడ నోట 'నాకు' అనే మాట నేను విన్నది అదే మొదటిసారి. నూకరాజు అక్కగారు మాకోసం విడిగా వండిన పప్పూ వంకాయ వేపుడూ వడ్డించి, ఏమీ అడక్కుండా పక్క పరిచింది. మా ఆయనకు మళ్ళీ ఫోన్ చేసే ధైర్యం నాకు లేకపోయింది.

ఫిషింగ్ హార్బర్

రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరవకూడదంటారు. మర్నాడు వెళ్ళాను.

నేను శాకాహారిని. మా ఇంటి గడపలోకి చేప రాదు. అలాంటిది వందల బోట్లు దించిన సరుకు మధ్యలో, ఐసు నీళ్ళలో చెప్పులు తడుస్తుంటే, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. నూకరాజు ఒక ప్లాస్టిక్ పెట్టె తిరగేసి నన్ను కూర్చోబెట్టి, టీ తెస్తానని వెళ్ళాడు. సత్యవతిగారు ఒక స్తంభం పక్కన సర్దుకున్నారు. ఒక పక్క ఐసు దిమ్మలను పిండి చేసే యంత్రం. ఇంకో పక్క బోటు ఇంజన్లు. ముందు వేలం. పాటగాడు ధర పాడుతుంటే, చుట్టూ మూగిన ఆడవాళ్ళు కనుబొమ్మ ఎగరేసి సరుకు దక్కించుకుంటున్నారు. మా ఊళ్ళో మార్కెట్ యార్డులో మగవాళ్ళు వేలం పాడితే మేం దూరంగా నిలబడతాం. ఇక్కడ నడుం మీద చెయ్యేసుకుని నిలబడి, పాటగాణ్ణే దబాయిస్తున్నారు.

కళ్ళు మూసుకున్నాను. గట్టు వెతకాలన్న ఆశ కూడా ముందురోజే పోయింది. ఇక కాపలా కాయడానికి నాకు సత్తువ లేదు. యంత్రం మోగుతోంది. కాకులు అరుస్తున్నాయి. నూట తొంభై, రెండొందలు. మోత ఉంది. ఇంజను ఉంది. నూట తొంభైకి అవతల ఇంజను, ఇంజనుకు ఇవతల మోత, అనడానికి అవతలా ఇవతలా లేవు. అన్నీ ఒకేచోట ఉన్నాయి. ఎక్కడ అని అడిగితే చెప్పడానికి చోటు పేరు లేదు. వాటికి ఇటువైపు కూర్చుని వింటున్న మనిషి కోసం చూస్తే అక్కడా ఆ చప్పుళ్ళే ఉన్నాయి. గట్టు లేదు. ఎవరో తీసేశారని కాదు, ఎప్పుడూ వేసి ఉండలేదు.

"ఏటమ్మా, దారికడ్డంగా కూకున్నావు? సేపలు కొంటావా, లెగుస్తావా?"

తల మీద తట్టతో ఒకావిడ. నేను లేచి పెట్టె పక్కకు లాగి మళ్ళీ కూర్చున్నాను. లేవడం, లాగడం, కూర్చోవడం, అన్నీ అలల్లా వాటంతటవే జరిగాయి. ఆవిడ గొంతు కూడా బయటినుంచి రాలేదు. భయం వేయలేదు, గొప్పగానూ అనిపించలేదు. చాలాకాలం తర్వాత ఇంటికొచ్చి చెప్పులు విడిచినట్టుంది.

తర్వాత, ఆహా ఇదే కదా అనుకున్నాను. అనుకోగానే ఆ అనుకున్నది మళ్ళీ కుర్చీ వేసుకుని కూర్చుంది, మోతను కాపలా కాయడానికి. నాకు నవ్వొచ్చింది. నూకరాజు టీ గ్లాసుతో వచ్చి, ఏటి నవ్వుతన్నారు అని అడిగాడు. ఏమీ లేదన్నాను. అక్కడే మా ఆయనకు ఫోన్ చేసి, మోత పోలేదండీ, ఉంది, కానీ మీరు కంగారు పడకండి అన్నాను. నువ్వు పడటం లేదా అని అడిగారు. ఇప్పటికి లేదన్నాను.

మళ్ళీ భీమిలి

సాయంత్రం నరసమ్మగారు మామూలుగా "కనపడిందేటి?" అన్నారు. గట్టు లేదండీ, కానీ వెంటనే నేను వచ్చి కూర్చున్నాను అన్నాను. మళ్ళీ వస్తుందా అని అడిగాను, పిల్లలు పరీక్ష పాసవుతామా అని అడిగినట్టు.

"వచ్చీపోయేది మీరమ్మా. అది ఎక్కడికీ ఎల్లనేదు" అన్నారు.

అర్థమైందని చెప్పను. ఆ రోజునుంచి ఒక్కోపూట దొరుకుతుంది, ఒక్కోపూట రోజంతా వెతికినా నేనే ఎదురవుతాను. ఆవిడ చెప్పిన సాధన కూడా పెద్దదేమీ కాదు. గుర్తొచ్చినప్పుడల్లా ఒక్కసారి గట్టు కోసం చూడటం, లేకపోతే ఊరుకోవడం.

బయల్దేరే రోజు తెల్లవారుజామున మళ్ళీ తత్త్వానికి కూర్చున్నాం. శ్రుతి నన్నే ఇమ్మన్నారు. ఈసారి నూకరాజు గొంతుకూ సత్యవతిగారి గొంతుకూ నడుమగా, అందరికీ అందేలా ఇచ్చాను. మోత ఉంది. దానితో నేను బేరమాడలేదు.

ఆఖరి రోజున ఒక్కొక్కరూ ఒక చరణం విడిగా పాడటం అక్కడి ఆనవాయితీ. నూకరాజు వంతు వచ్చింది. వాడిది బోటు మీద పిలుపులకు పెరిగిన గొంతు, ప్రాణం పెట్టి పాడతాడు. కళ్ళు మూసుకుని, చెయ్యి పైకెత్తి, చరణంలో మీదికెళ్ళాడు.

"పై షడ్జం అందలేదు, నూకరాజుగారూ. కొంచెం కిందే ఆగిపోయారు."

అన్నాక గానీ అన్నది నేనని తెలియలేదు. తొడ మీద తాళం వేస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. పాటా ఆగిపోయింది. సత్యవతిగారు కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నారు. వాడు తగ్గింది వెంట్రుకవాసి. క్లాసులు ఆపేముందు నా ఎదురుగా పిల్లలు పాడుతుంటే అంతకు పదింతలు జారినా నాకు తెలియలేదు. కీచురాయి కూస్తూనే ఉంది. దాని పక్కనే ఆ వెంట్రుకవాసి కూడా వినబడింది. నా కళ్ళు నిండాయి, దాచుకోలేదు.

నూకరాజు నరసమ్మగారి వైపు చూశాడు. ఆవిడ నా వైపు చూపించారు.

"మల్లీ పాడమంటారేటి, టీచరుగారూ?"

"మళ్ళీ పాడండి" అన్నాను.

పాడాడు. ఈసారి కూడా అందలేదు. ఇంకోసారి పాడించాను.